లేని దేశపు లోటు బడ్జెట్

ఇకమీదట పార్టీ టికెట్టు డబ్బున్నవాడికీ ఇవ్వం, బంధువుకీ ఇవ్వం, పరిపాలన తెలిసినవాడికే ఇస్తామని అధ్యక్షులవారు ప్రకటించగానే హాల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరూ ఒక్కసారిగా లేచి నిలబడటంవల్ల ఎన్ని కుర్చీలు మొదటినుంచీ ఖాళీగా ఉన్నాయో పత్రికలవాళ్లకి తెలియలేదు. తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ కుర్చీలు అద్దెకిచ్చినాయన.

ఆయన్ని అందరూ కుర్చీలాయన అనే అంటారు. వయసు యాభై నాలుగు. పార్టీ ఆయనకి ఏ కుర్చీ ఇవ్వకపోయినా, పార్టీకి ఆయన ఇరవై రెండేళ్లుగా కుర్చీలు ఇస్తూనే ఉన్నాడు. మహాసభలకి, సంతాపసభలకి, చీలిక సభలకి, మళ్లీ కలిసిపోయిన సభలకి అన్నిటికీ ఆయన కుర్చీలే. ఏ నాయకుడి మాటలకి ఎన్ని కుర్చీలు నిండుతాయో, ఎన్నో నిమిషంలో వెనక వరస ఖాళీ అవుతుందో ఆయనకి కంఠతా వచ్చు. అయినా ఎవరితోనూ ఎప్పుడూ చెప్పలేదు. అందుకే పార్టీలో ఆయనకి శత్రువులు లేరు.

పరిపాలన తెలిసినవాడెవరో తేల్చడానికి పార్టీ మేధావుల విభాగం 'జనపాలన' అనే ఆటని తయారుచేయించింది. ఆట అనకూడదని, అనుకరణ ప్రభుత్వం అనాలని మేధావులు గట్టిగా చెప్పారు. పోటీ చేసే ప్రతి అభ్యర్థికీ కంప్యూటరులో ఒక దేశం ఇస్తారు. అందులో ఆరు లక్షల మంది పౌరులుంటారు. వాళ్లు పన్నులు కడతారు, జబ్బు పడతారు, సణుగుతారు. ముప్ఫై రోజులు ఏలాలి. తెర మీద రెండు ముళ్లుంటాయి. ఒకటి లోటు చూపిస్తుంది, రెండోది ప్రజల సంతృప్తి చూపిస్తుంది. ప్రతి శనివారం సంస్కరణల మీదా, లోటు మీదా ఆన్‌లైన్‌లో చర్చ. చివరికి రెండు ముళ్లూ కలిపి ఎవరివి బాగుంటే వాళ్లకే టికెట్టు.

పోటీ చేస్తానని కుర్చీలాయన ఇంట్లో చెప్పినప్పుడు భార్య కుట్టుమిషను ఆపి ఆయన ముఖంలోకి చూసింది.

"ఇన్నేళ్లూ అందర్నీ కూర్చోబెట్టారుగా, చాల్లెండి. ఇప్పుడు మీరూ కూర్చోవాలా?" అంది.

కూర్చోవాలనే ఉందని ఆయన ఒప్పుకున్నాడు. ఆవిడ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో అది అంగీకారం కిందే లెక్క.

ఆయన మేనకోడలు పక్కవీధిలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే దుకాణం నడుపుతోంది. ఊళ్లో సగం మంది పుట్టిన తేదీలు ఆ పిల్లకి నోటికి వచ్చు. ఆమే ఆయన పేరు నమోదు చేసింది, చిరునామా దగ్గర ఇంటి నెంబరు రాసింది. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటావు మావయ్యా అని అడిగితే 'నిజాయితీ' అని పెట్టమన్నాడు. అది బలహీనంగా ఉందని కంప్యూటరు తిప్పికొట్టింది. వెనకాల రెండు అంకెలూ ఒక చుక్కగుర్తూ తగిలిస్తే ఒప్పుకుంది.

టికెట్టు నిజాయితీగా ఇస్తారని తెలిశాక పోటీకి ఎక్కువ మంది రాలేదు. మొత్తం ముగ్గురు మిగిలారు. ఒకరు ఆర్థికశాఖలో పనిచేసి రిటైరైన మాజీ కార్యదర్శిగారు. ఆయన ఉద్యోగంలో ఉండగా లోటు తగ్గించడం ఎలా అన్న విషయం మీద నాలుగు పుస్తకాలు రాశారు. ఒక్కో పుస్తకానికీ లోటు కొంచెం పెరిగింది. రెండోవాడు కుర్చీలాయన. మూడోవాడు అధ్యక్షులవారి బావమరిది. బంధువులకి ఇవ్వమన్నారు కదా అని ఒక విలేకరి అడిగితే, అతను బంధువుగా కాదు, సామాన్య కార్యకర్తగా దరఖాస్తు పెట్టుకున్నాడని అధ్యక్షులవారు వివరించారు. విలేకరి సంతృప్తి చెందినట్టు మర్నాడు పేపర్లో వచ్చింది.

మొదటిరోజు తెర తెరవగానే కుర్చీలాయన దేశంలో ఒక్క ఆసుపత్రీ లేదని తేలింది. పౌరుల వినతులు తెర అడుగున ఒకదాని కింద ఒకటి జారిపోతున్నాయి. వాళ్లకి పేర్లు లేవు, నెంబర్లే. 40112 అనే పౌరుడు, తన తల్లికి వారంరోజులుగా జ్వరమనీ, ఆసుపత్రి ఎక్కడుందో చెప్పమనీ రాశాడు. కుర్చీలాయన ఇరవై రెండేళ్లలో వేలకొద్దీ వినతిపత్రాలు చూశాడు. సభ అయిపోయాక కుర్చీల కింద ఏరిందీ ఆయనే. చదివే అధికారం చేతికి రావడం ఇదే మొదటిసారి. అందుకని అన్నీ చదివాడు.

అవన్నీ సాఫ్ట్‌వేరు మావయ్యా, నిజం మనుషులు కారని మేనకోడలు చెప్పింది.

"సాఫ్ట్‌వేరైతే మాత్రం జ్వరం జ్వరమే కదమ్మా," అన్నాడాయన.

మూడోరోజుకి ఆ పిల్ల ఆట కిటుకు పట్టేసింది. తెర మీద రెండు మీటలున్నాయి. ఒకదాని మీద 'ప్రకటించు' అని ఉంది, రెండోదాని మీద 'అమలుచేయి' అని ఉంది. ప్రకటిస్తే పైసా ఖర్చు లేదు, సంతృప్తి నాలుగు పాయింట్లు పెరుగుతుంది. అమలుచేస్తే ఖజానా సగం ఊడ్చుకుపోతుంది, సంతృప్తి ఒక పాయింటు పెరుగుతుంది. అదికూడా కట్టడం పూర్తయ్యాక. కడుతున్నన్నాళ్లూ దుమ్ము లేస్తోందని మూడు తగ్గుతుంది.

"ప్రకటించి చెయ్యకపోతే తగ్గదా?" అని కుర్చీలాయన అడిగాడు.

"తగ్గదు మావయ్యా. నాలుగు రోజులాగి అదే మళ్లీ ప్రకటించొచ్చు. మళ్లీ నాలుగొస్తాయి."

"ఇదెక్కడి లెక్కమ్మా? ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదట. పాత ఎన్నికల ఫలితాలన్నీ దానికి చూపిస్తే అదే నేర్చుకుందట."

మాజీ కార్యదర్శిగారికి ఈ కిటుకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆయన రోజుకి తొమ్మిది ప్రకటనల చొప్పున చేసుకుంటూ పోయారు. రెండోవారానికి ఆయన ప్రజల సంతృప్తి తొంభై ఏడుకి చేరింది. ఆయన దేశంలోనూ ఒక్క ఆసుపత్రీ లేదు. కానీ ఆసుపత్రుల కోసం ఒక మహాప్రణాళిక, దానికి ఒక కమిటీ, కమిటీ పనితీరు పరిశీలించడానికి ఇంకో కమిటీ ఉన్నాయి.

కుర్చీలాయన 'అమలుచేయి' నొక్కాడు. ఒక్కసారి కాదు, పన్నెండుసార్లు నొక్కాడు. పన్నెండు ఆసుపత్రులకి పునాదులు పడ్డాయి. లోటు ముల్లు ఎర్రగీత దాటి కుడిచివర అంటుకుపోయింది.

ఆ శనివారం చర్చలో మాజీ కార్యదర్శిగారు పదకొండు నిమిషాలు మాట్లాడారు. ద్రవ్యలోటుని హేతుబద్ధీకరించి, మధ్యకాలిక చట్రంలో ఇమిడ్చి, సంస్థాగత సంస్కరణల ద్వారా దాని స్వభావాన్నే మార్చాలని, బాధ్యతలేని ఖర్చుకి తన మిత్రుడి పన్నెండు పునాదులే నిదర్శనమని సెలవిచ్చారు. ఆరు లక్షల మంది అనుకరణ పౌరులకి ఏమర్థమైందో గానీ సంతృప్తి ఇంకో పాయింటు పెరిగింది. తరవాత కుర్చీలాయన వంతు వచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నాకు చట్రాలు తెలియవండీ. మా వ్యాపారంలో రెండొందల కుర్చీలు వేశాక నాలుగొందల మంది వస్తే రెండే దార్లు. ఇంకో రెండొందలు తెప్పించాలి, లేదంటే నిలబడండని ముఖం మీద చెప్పాలి. సారు మూడో దారి చెబుతున్నారు. నిలబడ్డవాళ్లని కూడా కూర్చున్నట్టు రాసుకోవడం."

మాజీ కార్యదర్శిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"సంస్కరణ అని దానికే పేరు," అన్నారు చాలా మర్యాదగా.

తెర మీద మూడో అభ్యర్థి కిటికీలో ముఖం లేదు. 'చేరుతున్నారు' అన్న మాట చుట్టూ ఒక సున్నా గంటసేపు తిరిగింది. చర్చ నడిపిన మేధావి, ప్రసంగాన్ని క్లుప్తంగా ముగించినందుకు బావమరిదిగారికి ప్రత్యేక ధన్యవాదాలు తెలిపాడు.

ఇక కుర్చీలాయన లోటు మీద పడ్డాడు. దుకాణంలో కుర్చీలు లెక్కపెట్టిన అలవాటుతో ఖజానా పద్దులు ఒక్కొక్కటీ తీసి చూశాడు. మంత్రులకి నలభై ఒక్క కార్లున్నాయి, మంత్రులు పధ్నాలుగు మంది. ఇరవై ఏడు కార్లు అమ్మేశాడు. శంకుస్థాపనల శాఖ అని ఒకటుంది, ప్రారంభోత్సవాల శాఖ అని ఇంకోటుంది. రెంటినీ ఎత్తేశాడు. లోటు ముల్లు ఎర్రగీత దాటి వెనక్కి రావడం మొదలుపెట్టింది. మధ్యాహ్నాలు బేరాలు లేని వేళ దుకాణంలో కూర్చుని ఆ ముల్లువైపే చూస్తూ ఉండేవాడు. ఎవరైనా కుర్చీల కోసం వస్తే, కాస్త ఆగండి, ఆసుపత్రి పని మీదున్నాను అనేవాడు. వచ్చినవాళ్లు ఇంట్లో ఎవరికో బాగాలేదనుకుని గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు.

ఇరవైరెండో రోజుకి ఆసుపత్రులు పన్నెండూ పూర్తయ్యాయి. పడకలు వేశాడు, మందులు నింపాడు. రోగులు చేరారు, చాలామందికి నయమైంది. కానీ సంతృప్తి అయిదు పాయింట్లు పడిపోయింది. ఎందుకో అర్థంకాక మేనకోడలు ఆట నియమావళి అంతా చదివింది. రిబ్బను కత్తిరించని ఆసుపత్రిని కంప్యూటరు ఆసుపత్రిగా గుర్తించదట. ప్రారంభం కానిచోట వైద్యం చెయ్యడం అక్రమాల కింద లెక్కట. ప్రారంభోత్సవాల శాఖ లేదు కాబట్టి ప్రారంభించే దారీ లేదు.

ఒక్కసారి 'ప్రకటించు' నొక్కు మావయ్యా, పన్నెండు ఆసుపత్రులు కడతానని చెప్పు, ఒక్కోదానికి నాలుగు చొప్పున నలభై ఎనిమిది పాయింట్లు, గెలిచేస్తావు అని ఆ పిల్ల బతిమాలింది.

"కట్టేసినవాటిని కడతానని ఎలా చెప్పనమ్మా?" అన్నాడాయన.

ఆమె కోపంతో మూడు దరఖాస్తులు తప్పుగా నింపింది.

ఇరవైతొమ్మిదో రోజున లోటు సున్నాకి వచ్చింది. సంతృప్తి ముప్ఫై ఒకటి దగ్గర నిలబడింది. ఆ పొద్దున్నే 40112 మళ్లీ రాశాడు. అమ్మకి పూర్తిగా తగ్గిందట. కానీ ఆసుపత్రికి రిబ్బను కత్తిరించలేదు కాబట్టి తగ్గిందంటే వీధిలో ఎవరూ నమ్మడం లేదట, ప్రభుత్వం దీనికి సమాధానం చెప్పాలట.

కుర్చీలాయన అది రెండుసార్లు చదివి కంప్యూటరు మూసేశాడు. ఇంటికి వెళ్లి పెరట్లో విరిగిన కుర్చీలకి కాళ్లు బిగిస్తూ కూర్చున్నాడు. సంగతంతా మేనకోడలు ముందే చెప్పినట్టుంది. భార్య టీ తెచ్చి పక్కన పెట్టింది. అందులో చక్కెర ఉంది. డాక్టరు మానేయమన్నాక ఆవిడ చక్కెర వేయడం ఇదే మొదటిసారి. ఆయన ఆ టీ చాలాసేపు తాగాడు.

ఫలితాలు ప్రకటించడానికి అధ్యక్షులవారు మళ్లీ అదే హాలుకి వచ్చారు. మాజీ కార్యదర్శిగారి దేశంలో సంతృప్తి తొంభై తొమ్మిదని చదివినప్పుడు చప్పట్లు మోగాయి. అయితే ప్రకటనల పర్యవేక్షణకి ఆయన వేసిన కమిటీలు రెండువందల పధ్నాలుగు అయ్యాయనీ, ఒక్కో కమిటీ అధ్యక్షుడికీ ఒక కారూ ఒక విదేశీ పర్యటనా ఇవ్వడంవల్ల ఇరవైఎనిమిదో రోజున దేశం దివాలా తీసిందనీ కూడా చదివారు. పౌరులు మాత్రం చివరివరకూ చాలా సంతృప్తిగా ఉన్నారట. కుర్చీలాయన ఖజానాని కాపాడి ప్రజల్ని పోగొట్టుకున్నాడని చదివారు.

గెలిచింది బావమరిది. ఆయన ముప్ఫై రోజుల్లో ఒక్కసారి కూడా ఆట తెరవలేదు. ఆయన దేశంలో మంత్రులు ప్రమాణస్వీకారం చెయ్యలేదు కాబట్టి కార్లు కొనలేదు, పర్యటనలు లేవు, ఖజానాలో మిగులు తేలింది. ఇక ఎవరూ రారని మూడోరోజుకే అర్థమైపోయి పౌరులు ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. సంతృప్తి అరవైలో మొదలై డెబ్భై ఒకటికి పెరిగింది. ఇంతటి మితభాషి, మితవ్యయి పార్టీకి దొరకడం అదృష్టమని అధ్యక్షులవారు గద్గదస్వరంతో అన్నారు. బావమరిది దండ వేయించుకుని, కిందికి దిగుతూ పక్కనున్న కుర్చీలాయన్ని అడిగాడు, ఇంతకీ అది ఫోనులో ఆడేదా, కంప్యూటర్లో ఆడేదా అని.

ఎన్నికలు దగ్గరపడ్డాక ఊరంతా పోస్టర్లు వెలిశాయి. బావమరిది నవ్వుతున్నాడు. ఆయన వెనకాల పన్నెండు తెల్లటి ఆసుపత్రులున్నాయి. 'మాటలు కాదు, పన్నెండు ఆసుపత్రులు' అని రాసి ఉంది. కుర్చీలాయన సైకిలు దిగి దగ్గరికెళ్లి చూశాడు. అవి తనవే. నాలుగో ఆసుపత్రి గేటు దగ్గర ఆయన అడిగి మరీ పెట్టించిన బెంచీ కూడా కనిపిస్తోంది.

పార్టీ ఆఫీసుకి వెళ్తే బావమరిది ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. మనిషి మంచివాడు. అన్నయ్యా అనే పిలిచాడు. నువ్వు కట్టావా నేను కట్టానా అని చూసుకుంటే పార్టీ నడుస్తుందా, అంతా ఒకే సర్వరు కదా అన్నాడు.

"అవి అక్కడే ఉన్నాయి తమ్ముడూ. ఇక్కడ లేవు," అన్నాడు కుర్చీలాయన.

"ఇక్కడ లేవని ఎవరికి తెలుస్తుందన్నయ్యా?"

"జబ్బు చేసినవాళ్లకి తెలుస్తుంది."

బావమరిది ఆ మాటని తేలిగ్గా తీసుకోలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"వాళ్లు ఓటుకి రాలేరు కదా," అన్నాడు.

ఆయన మంచి మెజారిటీతో గెలిచాడు. ఆరోగ్యశాఖ ఇచ్చారు. ఆ పన్నెండు ఆసుపత్రులు ఎక్కడున్నాయని సభలో ప్రతిపక్షం అడుగుతుందేమోనని కుర్చీలాయన రోజూ పేపరు చూశాడు. ప్రతిపక్షం అడగలేదు. ఆ ఆసుపత్రులు తమ హయాంలోనే మంజూరయ్యాయని వాదించింది. కట్టి ఇన్నాళ్లయినా వాటిలో ఒక్క డాక్టరునీ ఎందుకు వెయ్యలేదని నిలదీసి, బల్లలు చరిచి, సభలోంచి బయటికి వెళ్లిపోయింది. మంత్రిగారు విమర్శని హుందాగా స్వీకరించి, నెలలోగా అందర్నీ నియమిస్తామని సభకి హామీ ఇచ్చారు. ఈ ప్రభుత్వం ఇచ్చిన హామీల్లో గడువులోగా నెరవేరినది ఇదొక్కటేనని చెప్పుకోవాలి.

ఒక ఉదయం కుర్చీలాయన పెరట్లో కుర్చీలు కడుగుతుంటే గేటు దగ్గర ఒకావిడ సూట్‌కేసుతో నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. చేతిలో కాగితం చూసి ఇంటి నెంబరు చూసింది.

"జనపాలన నాలుగో నెంబరు ఆసుపత్రి ఇదేనా అండీ?" అని అడిగింది. "ట్రాన్స్‌ఫరు మీద వచ్చాను. డాక్టర్ని."

ఆర్డరులో చిరునామా ఆయనదే. నమోదు చేసినప్పుడు మేనకోడలు రాసిన ఇంటి నెంబరే రికార్డుల్లో ఆ దేశపు ప్రభుత్వ కార్యాలయంగా ఎక్కింది. కుర్చీలాయన చేతులు తుడుచుకుని ఆవిడని లోపల కూర్చోబెట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మొదటినుంచీ అంతా చెప్పాడు. భార్య మంచినీళ్లిచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

మేనకోడలు వచ్చి కంప్యూటరు తెరిచింది. ఆ దేశం ఇంకా నడుస్తూనే ఉంది. పోటీ అయిపోయాక దాన్ని ఆపే అధికారం ఎవరిదో తేలక ఎవరూ ఆపలేదు. పన్నెండు ఆసుపత్రుల ముందూ జనం బారులు తీరి ఉన్నారు. డాక్టరమ్మ ముందుకి వంగి చూసింది.

"మందులున్నాయా?" అని అడిగింది.

"అన్నీ ఉన్నాయమ్మా."

"పడకలు?"

"ఒక్కోదాంట్లో రెండొందలు."

ఆవిడ వేలితో తెర మీది బారుల్ని లెక్కపెట్టింది.

"నేను పదకొండేళ్లు పనిచేసిన చోట ఈ రెండూ లేవండీ," అంది. తరవాత కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుని, హాజరుపట్టీలో సంతకం ఎక్కడ పెట్టాలని మేనకోడల్ని అడిగింది.

కుర్చీలాయనకి అప్పుడు తోచింది అడగాలని.

"మీరు ఇటొచ్చేశారు సరే. అక్కడ మీ ఆసుపత్రిలో ఇప్పుడెవరున్నారమ్మా?"

"ఎవరూ లేరండీ. ఎవరినీ వెయ్యలేదు." ఆవిడ సంచిలోంచి పెద్ద తాళంచెవి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. "తాళం వేసి వచ్చాను. ఇది ఎవరికి అప్పజెప్పాలో ఆర్డరులో రాయలేదు. మీ దగ్గరుంచండి."

ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"మిగతా పదకొండుమందీ మధ్యాహ్నం బస్సుకి దిగుతారండీ," అంది డాక్టరమ్మ. "వాళ్ల తాళాలు వాళ్లు తెస్తున్నారు."